గుల్‌మార్గ్ మంచును చదవడం: టికెట్ కొనే ముందు నుంచి కొండ మీద నిలబడే దాకా

తెలుగులో మంచు అనే ఒక్క మాట నాలుగు పనులు చేస్తుంది. లంబసింగిలో తెల్లవారుజామున కమ్ముకునేదీ మంచే, హైవే మీద ముందున్న లారీ కనబడకుండా చేసేదీ మంచే, గడ్డి కొసన మెరిసేదీ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. అందుకే ట్రావెల్స్‌కి ఫోన్ చేసి "గుల్‌మార్గ్‌లో మంచు ఉందా అండీ?" అని అడిగితే "ఫుల్లుగా ఉంది సార్" అంటారు. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. ఎక్కడో పైన, ఏదో ఒక రకం మంచు ఉండే ఉంటుంది.

2024 జనవరిలో, సంక్రాంతి సెలవులకి, ఆ జవాబే నమ్మి కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కి వెళ్ళాం. గుల్‌మార్గ్ మైదానమంతా ఎండిన గడ్డి. స్లెడ్జ్ బండ్లు ఓ మూల బోర్లించి ఉన్నాయి. అద్దెకి తీసుకున్న ఓవర్‌కోట్లూ గమ్ బూట్లూ వేసుకుని ఎండలో నిలబడి ఫోటో దిగాం. ఆ నెలాఖర్లో కురిసింది, దంచి కొట్టింది. అప్పటికి మేం కూకట్‌పల్లిలో ఇడ్లీ తింటున్నాం. అప్పటి నుంచి ప్రతి చలికాలం ఈ కొండని దూరం నుంచే చూస్తూ, వీలైనప్పుడు వెళ్ళి తొక్కి చూస్తూ నేర్చుకున్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఎన్ని అడుగులు పడిందనే లెక్క ఇందులో చివరికి వస్తుంది. ఎప్పుడు పడింది, ఏ ఎత్తులో పడింది, ఆ తర్వాత గాలీ ఎండా దాన్నేం చేశాయి అన్నవే ముందు.

1. ముందు ఎత్తులు గుర్తుపెట్టుకోండి

ఇది ఒక్కటి తెలిస్తే సగం పని అయిపోయినట్టే. శ్రీనగర్ సుమారు 1,585 మీటర్లు. గుల్‌మార్గ్ మైదానం 2,650 మీటర్లు. గొండోలా (తీగ మీద నడిచే కేబుల్ కారు) ఫేజ్ వన్ దిగే కొంగ్‌డూరి 3,050 మీటర్ల పైచిలుకు. ఫేజ్ టూ దిగే అఫర్వాట్ స్టేషన్ 3,950 మీటర్ల దగ్గర. దాని మీద శిఖరం ఇంకా ఉంది. అంటే మనం 'గుల్‌మార్గ్' అని ఒకే ముక్కలో చెప్పే ఊళ్ళో కింద నుంచి పైకి 1,300 మీటర్ల తేడా ఉంది.

గాలిలో పైకి వెళ్ళే ప్రతి వెయ్యి మీటర్లకీ ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. శ్రీనగర్‌లో 4 డిగ్రీల దగ్గర వాన పడుతోందనుకోండి. గుల్‌మార్గ్ అక్కడికి వెయ్యి మీటర్ల పైన, కాబట్టి మైనస్ 3 చుట్టూ ఉంటుంది. అక్కడ మంచు పడుతుంది. అదే వేళ అఫర్వాట్‌లో మైనస్ 11, మైనస్ 12. అంటే శ్రీనగర్‌లో గొడుగు వేసుకు తిరుగుతున్నారంటే పైన పండగ అన్నమాట. శ్రీనగర్‌లో 9, 10 డిగ్రీల వాన అయితే మాత్రం జాగ్రత్త, గుల్‌మార్గ్ మైదానంలో కూడా వానో, వానా మంచూ కలిసిన జావో పడొచ్చు.

ఈ లెక్క మబ్బు పట్టి గాలి కదులుతున్నప్పుడే బాగా పనిచేస్తుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి చల్లగాలి బరువెక్కి కిందికి జారి, గిన్నెలాంటి గుల్‌మార్గ్ మైదానంలో నిలిచిపోతుంది. ఆ తెల్లవారుజామున కింద కంటే కొంగ్‌డూరిలోనే వెచ్చగా అనిపించినా ఆశ్చర్యం లేదు.

2. నెల ఎంచుకోవడం

కాశ్మీరీలు చలికాలాన్ని మూడు ముక్కలు చేస్తారు. డిసెంబర్ 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్, తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, ఆ తర్వాత 10 రోజులు చిల్లై బచ్చా. చిల్లై కలాన్ గట్టి చలి. ఆ చలిలో పడిన మంచు కరగదు, పేరుకుంటుంది. అయితే పడాలిగా! 2024 జనవరి చాలావరకు పొడిగానే పోయింది. 2025లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ గుల్‌మార్గ్ అంచెని చాలినంత మంచు లేక ఫిబ్రవరి నుంచి వాయిదా వేసి మార్చిలో జరిపారు.

నా సలహా: స్కీయింగ్ కోసమైతే జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా. పిల్లలతో మంచులో ఆడుకుని రావడానికైతే ఫిబ్రవరి రెండో సగం నయం, పొద్దు పెరుగుతుంది, చలి కాస్త ఓర్చుకోగలం. డిసెంబర్ చివరి వారం, సంక్రాంతి సెలవులు మనకి కలిసొచ్చే రోజులే కానీ మంచుకి మన క్యాలెండర్ తెలియదు. సెలవులు మార్చుకోలేకపోతే కనీసం హోటల్ డబ్బు వెనక్కి వచ్చే పద్ధతిలో బుక్ చేసుకోండి.

3. పది రోజుల ముందు నుంచి: అసలు కురుస్తుందా?

మనకి బంగాళాఖాతంలో అల్పపీడనం ఎలాగో, కాశ్మీర్‌కి వెస్టర్న్ డిస్టర్బెన్స్ అలాగ. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా తేమ మోసుకొచ్చి హిమాలయాలకి గుద్దుకుంటుంది. చలికాలంలో గుల్‌మార్గ్‌లో పడే మంచంతా దాదాపు దీని చలవే. కాబట్టి వాతావరణ వార్తల్లో వెతకాల్సిన మాట 'చలి' కాదు, 'వెస్టర్న్ డిస్టర్బెన్స్'. గట్టి చలి ఉన్నంత మాత్రాన మంచు పడదు. రోజూ మైనస్ 10 అని వార్తల్లో వస్తుంటే ఆకాశం తేటగా, పొడిగా ఉందని కూడా అర్థం.

వాతావరణ శాఖ శ్రీనగర్ కేంద్రం బులెటిన్లు ఇస్తుంది. దాంతోపాటు విండీ లాంటి యాప్‌లో యూరప్ మోడల్, అమెరికా మోడల్ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడెనిమిది రోజుల ముందు రెండూ ఒకే మాట అంటున్నాయంటే ఆశ పెట్టుకోవచ్చు. నాలుగు రోజుల ముందు కూడా అదే మాట మీద ఉంటే నమ్మొచ్చు. ఒకటి 60 సెంటీమీటర్లంటే మరొకటి 5 అంటోందా, ఇంకో రెండు రోజులు ఆగండి.

చాలామంది ఇక్కడో పొరపాటు చేస్తారు. యాప్‌లో వచ్చే ఎత్తు చూడరు. ఈ మోడళ్ళకి కొండ ఉన్నది ఉన్నట్టు కనబడదు. సుమారు పది కిలోమీటర్ల గడుల్లో సగటు తీసి చదును చేసేస్తాయి. యాప్‌లో గుల్‌మార్గ్ దగ్గర వేలు పెట్టినప్పుడు అది ఏ ఎత్తుకి లెక్క చెబుతోందో చూడండి. కింద, మధ్య, పైన అని మూడు ఎత్తులకి విడివిడిగా చెప్పే సైట్లు ఇంకా మేలు.

యాప్ చెప్పే మంచు సెంటీమీటర్ల కంటే, అది నీటి లెక్కలో ఎంతో చెప్పే మిల్లీమీటర్లంటే నాకు ఎక్కువ నమ్మకం. 10 మిల్లీమీటర్ల నీరు మామూలు కొత్త మంచుగా పడితే 10 సెంటీమీటర్లు. గట్టి చలిలో, గాలి లేకుండా పడితే అదే నీరు 15, 20 సెంటీమీటర్ల దూదిలా పొంగుతుంది. సున్నా దగ్గర పడితే 5, 6 సెంటీమీటర్ల ముద్ద. పిండి ఒకటే, దోసె వేరు.

ఇక వరుస చూడండి. తుఫాను ముందు వెచ్చగా వచ్చి పోయేటప్పుడు చల్లబడితే అడుగున బరువు మంచు, పైన తేలిక మంచు పడుతుంది. ఆ మంచు నేలకి అతుక్కుంటుంది, పైన స్కీ సాఫీగా జారుతుంది. తల్లకిందులై చల్లగా మొదలై వెచ్చగా ముగిస్తే తేలిక మంచు మీద బరువు మంచు కూర్చుంటుంది. అది జారడానికి చిరాకు, కొండవాలు మీద ప్రమాదం కూడా.

4. సాటిలైట్ ఫోటో చూడండి

ఇది ఎవరూ చెప్పరు కానీ ఉచితం. కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో సెంటినెల్-2 సాటిలైట్ ఫోటోలు సుమారు ఐదు రోజులకొకటి దొరుకుతాయి. ఆకాశం తేటగా ఉంటే గుల్‌మార్గ్ మైదానం తెల్లగా ఉందో గోధుమ రంగులో ఉందో మీ కళ్ళతో మీరే చూడొచ్చు. నాసా వరల్డ్‌వ్యూలో రోజూ ఒక ఫోటో ఉంటుంది, అంత దగ్గరగా కనబడదు. మబ్బూ తెలుపే, మంచూ తెలుపే అనే సందేహం వస్తే రంగులు మార్చే ఆప్షన్ వాడండి. వరల్డ్‌వ్యూలో 7-2-1 అనే దాంట్లో మంచు ఆకాశనీలంగానూ, మామూలు నీటి మబ్బులు తెల్లగానూ కనబడతాయి. ఆ సంక్రాంతికి ముందు ఇది తెలిసుంటే ఓవర్‌కోటు అద్దె మిగిలేది.

5. స్నో రిపోర్టులో ఏ అంకె ఏంటి

'కొత్త మంచు 30 సెం.మీ.' వేరు, 'మంచు లోతు 30 సెం.మీ.' వేరు. మొదటిది గత 24 గంటల్లో పడింది. రెండోది నేల మీద మొత్తం ఉన్నది. మన వాతావరణ శాఖ ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 దాకా ఒక రోజుగా లెక్క కడుతుంది. కాబట్టి మధ్యాహ్నం పడిన మంచు మర్నాటి లెక్కలోకి వెళ్తుంది. వార్తల్లో అడుగులు, అంగుళాలు, సెంటీమీటర్లు కలగాపులగంగా వస్తాయి. అంగుళం రెండున్నర సెంటీమీటర్లు. అది మైదానంలో కొలిచిందా, అఫర్వాట్ మీద కొలిచిందా అని తప్పకుండా అడగండి.

వరసగా మూడు రోజులు 20 సెంటీమీటర్ల చొప్పున పడితే లోతు 60 పెరగదు. కొత్త మంచు తన బరువుకే కుంగుతుంది. 45 పెరిగితే కరిగిపోయిందని కంగారు పడకండి, అది సర్దుకుంది అంతే. నిజానికి కుంగడమే మంచిది, పొరలు గట్టిపడుతున్నాయన్న మాట.

6. హోటల్ గుమ్మం ముందు సొంత కొలత

ఇందుకు ఓ చెక్క పలకా, స్కూలు స్కేలూ చాలు. సాయంత్రం పలకని ఆరుబయట, చూరు కిందా చెట్టు కిందా కాకుండా, గాలి తక్కువున్న చోట సమంగా పెట్టండి. పొద్దున్నే స్కేలు నిలువుగా గుచ్చి చూసి, తుడిచేసి మళ్ళీ పెట్టండి. కారు టాప్ మీద పేరుకున్న మంచుని చూసి అంచనా వేయకండి, గాలి దాన్ని సగం ఎత్తుకుపోయి ఉంటుంది.

ఆ తర్వాత అసలు పరీక్ష. గ్లవ్స్ వేసుకున్న చేత్తోనే గుప్పెడు మంచు తీసి పిసకండి. ఇది సున్నుండలు చుట్టిన చేతులకి చెప్పక్కర్లేని విద్య. నెయ్యి చాలని సున్నుండలా వేళ్ళ మధ్య నుంచి రాలిపోయిందా, పొడి మంచు, అంటే స్కీయర్లు ప్రాణం పెట్టే పౌడర్. చక్కగా ఉండ కట్టి నిలిచిందా, కాస్త తడి ఉంది. పిల్లలు మంచుబొమ్మ చేసుకోవడానికి ఇదే కావాలి. పౌడర్ పడిన రోజు ఎంత పిసికినా బొమ్మ నిలవదు, పాపం వాళ్ళు ఏడుస్తారు. పిండితే నీళ్ళు కారాయా, తడి మంచు. స్కీ కిందనుంచి లాగినట్టు ఉంటుంది, మోకాళ్ళకి పని.

చెవితో కూడా వినండి. గట్టి చలిలో అడుగు వేస్తే మంచు కిర్రుమంటుంది, మొక్కజొన్న పిండి ప్యాకెట్టు నొక్కినట్టు. వెచ్చబడే కొద్దీ ఆ చప్పుడు పోయి మెత్తగా పచపచమంటుంది.

నేను రెండోసారి వెళ్ళినప్పుడు హోటల్లో బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) వెలిగించే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరూ చాచా అనేవాళ్ళు. పొద్దున్నే నేను స్కేలుతో కుస్తీ పడుతుంటే, ఫిరన్ అనే పొడవాటి అంగీ లోపల కాంగ్డీ, అంటే నిప్పుల కుంపటి, పట్టుకుని వచ్చి, వంగి చిటికెడు మంచు తీసుకుని బొటనవేలితో చూపుడువేలి మీద రుద్దాడు. తర్వాత అఫర్వాట్ గట్టు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. గట్టు మీద నుంచి తెల్లటి పొగలాంటిది ఒకటి పక్కకి లేస్తోంది. "ఫేజ్ టూ బంద్" అని లోపలికి వెళ్ళిపోయాడు. గంట తర్వాత కౌంటర్ దగ్గరా అదే చెప్పారు. ఆ పొగ పొగ కాదు, గాలికి ఎగురుతున్న మంచు. కింద ఆకు కదలకపోయినా పైన అంత గాలి ఉంటే ఫేజ్ టూ నడపరు. టికెట్ ముందే కొన్నవాళ్ళ టెన్షన్ చూడాలి అప్పుడు!

7. కొండ మీద మంచు రకాలు

ఒకే రోజు, ఒకే కొండ మీద మూడు నాలుగు రకాలు తగులుతాయి. వాటిని వేరుచేసేవి గాలి, ఎండ, కాలం.

గాలి తగిలే వైపు మంచుని గీకేసి గట్టి చెక్కలా చేస్తుంది, అలలు అలలుగా చారలు పడతాయి. గాలి చాటు వైపు ఆ మంచునే తెచ్చి గుట్టగా పోస్తుంది. ఆ గుట్ట చూడ్డానికి నునుపుగా, దిండులా ముచ్చటగా ఉంటుంది కానీ అది గాలి దట్టించిన పలక. ఎక్కడైనా పైన పొర అప్పడంలా విరిగి కింద మెత్తగా తగిలిందంటే గాలో ఎండో దాని మీద పనిచేసిందన్నట్టే.

ఎండ సంగతికొస్తే, దక్షిణం వైపు వాలు ముందు కరిగి రాత్రికి గడ్డకడుతుంది, ఉత్తరం వైపు వాలు రోజుల తరబడి పొడిగా ఉంటుంది. జనవరిలో ఈ తేడా కొంచెమే, ఫిబ్రవరి చివరికి మాత్రం బాగా తెలుస్తుంది. మార్చిలో ఆట మారుతుంది. తెల్లవారుజామున గాజులా గట్టిగా, పదకొండింటికి కల్లుప్పు రాళ్ళలా విడివిడి గింజలుగా, మధ్యాహ్నం రెండింటికి జావ. ఆ కల్లుప్పు గంటన్నర దొరికితే పౌడర్‌ని మరిపిస్తుందని నా అభిప్రాయం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అది పౌడర్ కంటే ఎన్నో రెట్లు సులువు.

ఈ మాట కాస్త గట్టిగానే చెబుతాను. కొత్తవాళ్ళకి మోకాలి లోతు పౌడర్ అక్కర్లేదు. అందులో పడితే లేవడానికే పావుగంట. మైదానంలోని చిన్న వాలు మీద తొక్కి చదును చేసిన మంచే మీకు కావాల్సింది. సోషల్ మీడియాలో కనబడే ఎగిరే మంచు తుంపర్లు ఫేజ్ టూ పైన, ఏళ్ళ తరబడి నేర్చినవాళ్ళవి.

పొర ఎంత గట్టిదో తెలియాలంటే మంచులో చిన్న గొయ్యి తవ్వి, దాని గోడని నొక్కి చూడండి. పిడికిలి దిగితే చాలా మెత్తన. తర్వాత వరుసగా నాలుగు వేళ్ళు, ఒక వేలు, పెన్సిల్, కత్తి. ప్రపంచమంతా మంచు చదివేవాళ్ళు వాడే కొలమానం ఇదే. పైనుంచి కిందికి మెల్లగా గట్టిపడుతూ పోతే మంచిది. పైన పెన్సిల్ గట్టిదనం, కింద పిడికిలి దిగేంత గుల్ల ఉంటే ఆ వాలు జోలికి పోకండి. మంచు తక్కువగా పడి, పైన చలి ఎక్కువగా ఉన్న చలికాలాల్లో నేలకి దగ్గరి పొర పంచదార పలుకుల్లా విడిపోతుంది. ఎంత పిసికినా అతుక్కోదు. ఆ పంచదార మీద తర్వాత మూడడుగులు పడితే, ఆ మూడడుగులూ బాల్ బేరింగుల మీద నిలబడ్డట్టు.

8. కురిసిన మర్నాడు

తుఫాను వెళ్ళిన మర్నాడు నీలాకాశం, తాజా పౌడర్. అందరూ ఎదురుచూసే రోజు. హిమపాతం, అంటే వాలు మీది మంచు విరిగి జారిపడే అవలాంచ్, ప్రమాదం ఎక్కువుండేదీ ఆ మొదటి ఒకటి రెండు రోజులే. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ ఇలాగే హిమపాతంలో చనిపోయారు.

చండీగఢ్‌లోని డీజీఆర్ఈ, అంటే రక్షణ శాఖ పరిశోధన సంస్థ, ప్రమాద స్థాయిల్ని అంచనా కడుతుంది. జమ్మూకాశ్మీర్ విపత్తు నిర్వహణ వాళ్ళు 'బారాముల్లా జిల్లా, ఫలానా మీటర్ల పైన' అని హెచ్చరిక ఇస్తారు. గుల్‌మార్గ్ ఆ జిల్లాలోదే, ఈ పేరు గుర్తుంచుకోండి. లేకపోతే 'గుల్‌మార్గ్' అని వెతికి ఏమీ లేదనుకుంటారు.

హిమపాతాలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద విరుగుతాయి. స్కీ కర్రని వాలు మీద పడుకోబెట్టి, ఫోన్‌లోని లెవెల్ యాప్‌ని దాని పక్కన ఆనించి వాలు కొలవొచ్చు. నడుస్తుంటే కాళ్ళ కింద 'ధబ్' మని డొల్ల చప్పుడు, లేదా అడుగు ముందు పగులు పరిగెత్తడం కనబడితే అక్కడితో ఆపి, వచ్చిన దారినే వెనక్కి. హద్దు తాళ్ళు దాటి వెళ్ళాలంటే స్థానిక గైడ్, బీకన్ (మంచు కింద ఎక్కడున్నారో సిగ్నల్‌తో చెప్పే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కర్ర), పార ఉండాలి, వాటిని వాడటం వచ్చి ఉండాలి. మంచు కింద పడినవాణ్ణి బతికించే సమయం మొదటి పది పదిహేను నిమిషాలే. కిందనుంచి ఎవరో వచ్చేలోపు అది అయిపోతుంది. గొండోలాలో పైకి వెళ్ళి, చూసి, అదే గొండోలాలో దిగేవాళ్ళకి ఈ గొడవ లేదు. కాకపోతే స్టేషన్ దాటి ఫోటో కోసం గట్టు అంచుల మీదికి వెళ్ళకండి. గాలికి అంచు బయటికి పెరిగి, కింద ఏమీ లేకుండా చూరులా వేలాడుతుంటుంది.

9. తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఎక్కువ

మంచు బాగా పడాలని కోరుకున్నవాళ్ళు దానికి కట్టే పన్ను ఇది. జోరుగా కురిసేటప్పుడు టంగ్‌మార్గ్ నుంచి గుల్‌మార్గ్ దాకా ఉన్న 13 కిలోమీటర్ల ఘాట్‌లో టైర్లకి గొలుసులు లేని బండ్లని వదలరు, మీ శ్రీనగర్ క్యాబ్ టంగ్‌మార్గ్‌లోనే ఆగిపోవచ్చు. శ్రీనగర్ ఫ్లైట్లు కూడా ఆ రోజుల్లో రద్దవుతుంటాయి. బులెటిన్‌లో వెస్టర్న్ డిస్టర్బెన్స్ మీ వాపసు రోజు మీద పడుతుంటే, ముందు రోజు మధ్యాహ్నానికే శ్రీనగర్ దిగిపోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు కాబట్టి ఇంట్లో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకోండి. ఫ్లైట్ రద్దయిందన్న మెసేజ్ రావాలన్నా అదే దిక్కు.